దాటడానికీ ఒక వరుస ఉంది

రాయచోటిలో మా వీధి చివరింట్లో సాయంత్రం ఆరైతే పియానో మోగుతుంది. కుక్కర్ల విజిళ్లు, అజా పిలుపు, ఆటోల హారన్లు, వీటన్నిటి మధ్య ఆ చప్పుడు మొదట్లో వింతగానే ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది. కువైట్‌లో పనిచేసే తండ్రి గల్ఫ్ కార్గోలో పంపిన 88 మెట్ల డిజిటల్ పియానో అది. బెంగళూరు టీచరమ్మ వారానికి రెండు రోజులు ఫోన్లోనే పాఠం చెబుతుంది. పాపకు 11 ఏళ్లు. ఇంతవరకు రెండు గ్రేడులు పాసైంది.

మొన్నొక శుక్రవారం ఆ తండ్రి నాకు ఫోన్ చేశాడు. చిన్నప్పుడు నాలుగేళ్లు వయొలిన్ గీకిన పాపానికి, వీధిలో సంగీతం పంచాయితీలన్నీ నా దగ్గరికే వస్తాయి.

"అన్నా, మూడు, నాలుగు ఎగ్గొట్టి నేరుగా ఐదో గ్రేడుకే ఫీజు కట్టేద్దామనుకుంటాండాం. ఏమంటావు?"

నేను నోరు తెరిచేలోపు అదే కాల్‌లో ఉన్న పాప జేజి అందుకుంది: "మెట్లెక్కకుండా మిద్దె ఎక్కేదెట్ల నాయనా?"

జేజి మాట వినడానికి తిరుగులేనిదే. కానీ సంగీతంలో సంగతి అంత తేలికగా తెగదు. ఎందుకంటే మన కర్ణాటక సంగీతంలో మెట్లు దాటడమే ఒక పాఠం. దాని పేరే దాటు వరుసలు. ఎక్కడ దాటాలో, ఏం తెలిశాక దాటాలో ఆ వరుసలు సుమారు ఐదు వందల ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. ఆ తండ్రి ప్రశ్నకు జవాబు నాకు అక్కడే దొరికింది.

సీమనిచ్చెన

ముందు ఈ గ్రేడుల సంగతి. ఇంగ్లండులో 1889లో పుట్టిన అసోసియేటెడ్ బోర్డు (ఏబీఆర్ఎస్ఎం అంటారు), అంతకన్నా పాతదైన ట్రినిటీ కాలేజ్ లండన్, ఈ రెండింటి పరీక్షలే మన దేశంలో ఎక్కువగా రాస్తారు. రెండింటిలోనూ 1 నుంచి 8 దాకా గ్రేడులు. ఏబీఆర్ఎస్ఎం పియానో పరీక్షకు మొత్తం 150 మార్కులు. మూడు పాటలకు ముప్పై చొప్పున 90, స్వరశ్రేణులకు 21, అప్పటికప్పుడు చూసి వాయించడానికి 21, చెవి పరీక్షకు 18. నూరొస్తే పాసు, 120కి మెరిట్, 130కి డిస్టింక్షన్.

ఆ తండ్రి అడిగినదాన్ని ఈ బోర్డులు వద్దనవు. ఒకటో గ్రేడు రాయకుండా మూడు రాయొచ్చు, మూడు రాయకుండా ఐదు రాయొచ్చు. ఏబీఆర్ఎస్ఎం మాత్రం ఒకచోట గేటు పెట్టింది. ఆరు, ఏడు, ఎనిమిది గ్రేడుల్లో వాయించాలంటే, ఐదో గ్రేడు స్థాయి థియరీయో, దానికి సమానమని వాళ్లు ఒప్పుకునే మరో పరీక్షో ముందే పాసై ఉండాలి. ట్రినిటీకి ఆ గేటు కూడా లేదు.

కాబట్టి "దాటొచ్చా?" అని అడిగితే నియమాల పుస్తకం "దాటొచ్చు" అనే అంటుంది. దాటితే మిగిలేదీ కనబడుతూనే ఉంది: రెండు పరీక్షల ఫీజు, రెండేళ్ల కాలం. కువైట్ జీతంతో ఇల్లు నడిపే మనిషి ఆ లెక్క చూసుకోవడంలో తప్పేమీ లేదు. పైగా 2020 నుంచి వీడియో తీసి పంపే పరీక్ష వచ్చింది. నాలుగు పాటలు ఆపకుండా వాయించి పంపితే చాలు. రాయచోటి దాటి పోయే పని లేదు. కానీ ఆ వీడియో పరీక్షలో స్వరశ్రేణులు అడగరు, చూసి వాయించమనరు, చెవి పరీక్ష ఉండదు. గ్రేడు దాటి, ఆ పైన పరీక్షా ఇదే ఎంచుకుంటే దాటినవి రెండు గ్రేడులే కాదు. పునాదిలో ఎంత భాగం దాటిపోయామో ఎవరూ అడగరు.

మన నిచ్చెన

ఇప్పుడు మన నిచ్చెన చూద్దాం. కర్ణాటక సంగీతానికి ప్రాథమిక పాఠాల క్రమం ఏర్పరచినవాడిగా పురందరదాసును (సుమారు 1484–1564) చెప్పుకుంటాం. ఆయన కన్నడిగుడు, విజయనగర కాలం మనిషి. మన రాయలసీమ కూడా అప్పుడు ఆ ఏలుబడిలోనే ఉంది. ఆ క్రమం ఇవాళ్టికీ పెద్దగా మారలేదు. తిరుపతి సంగీత కళాశాలలో చేరిన పిల్లకైనా, అమెరికాలో జూమ్ పాఠం వినే పిల్లకైనా మొదటిరోజు పాఠం ఒకటే: మాయామాళవగౌళ రాగంలో సరళి వరుసలు.

ఆ రాగమే ఎందుకు? పియానో ముందు కూర్చుంటే కంటికే తెలుస్తుంది. ఏ అష్టకంలోనైనా జంట నల్లమెట్లకు ఎడమపక్కనున్న తెల్లమెట్టును ‘స’ అనుకోండి. స రి గ మ వాయిస్తే తెలుపు, నలుపు, తెలుపు, తెలుపు. ప ద ని స వాయిస్తే మళ్లీ తెలుపు, నలుపు, తెలుపు, తెలుపు. పై సగం కింది సగానికి అచ్చంగా జోడు. ‘స’కు ‘రి’ ఎంత దగ్గరో ‘ప’కు ‘ద’ అంతే దగ్గర. ‘రి’ నుంచి ‘గ’కు ఎంత ఎడమో ‘ద’ నుంచి ‘ని’కి అంతే ఎడం. ఒక సగం గొంతుకు పట్టుబడితే రెండో సగం సులువవుతుంది. మేళకర్తలనే 72 తల్లి రాగాల్లో 15వది ఇది. పాఠం మొదలుపెట్టడానికి ఇంత లెక్కగా కుదిరే రాగం అరుదు.

సరళి వరుసలు మామూలుగా పద్నాలుగు. ఆది తాళంలో ఎనిమిది దెబ్బలు. మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చేతి తాళం వేగం మారదు, స్వరాలే రెట్టింపవుతాయి. మూడో కాలంలో తడబడ్డ పిల్లను గురువు మొదటి కాలానికి పంపేస్తాడు. వరుస తెలిసినా కాలం నిలవకపోతే ఆ పాఠం రానట్టే.

తర్వాత జంట వరుసలు. ‘సస రిరి గగ మమ’ అని ప్రతి స్వరం జంటగా వస్తుంది. జంటలో రెండోదాన్ని కాస్త నొక్కి పలకాలి. వీణ మీదా వయొలిన్ మీదా ఆ నొక్కు వేలి నుంచి వస్తుంది. ఇక్కడ కొత్త స్వరమేమీ లేదు. ఉన్న స్వరానికే బలం ఎక్కించడం నేర్పుతారు.

ఆ బలం వచ్చాకే దాటు వరుసలు. ఇప్పటిదాకా పక్క మెట్టు మీదికే అడుగు వేసిన గొంతు ఇప్పుడు ‘స’ నుంచి ఏకంగా ‘మ’కు దూకాలి, వెనక్కి ‘గ’కు రావాలి, మళ్లీ ‘మ’కు పోవాలి. నా చిన్నప్పటి గురువు ఇక్కడ ఒక పరీక్ష పెట్టేవారు. ‘స’ పలికించి, ‘మ’ పలికించి, ఆపేసి, "మధ్యలో దాటింది పలుకు" అనేవారు. ‘రి’, ‘గ’ అని పేర్లు చెబితే ఒప్పుకునేవారు కారు. వాటి స్థానంలో పలకాలి. పలకలేకపోతే, "నువ్వు దూకలేదురా, పడ్డావు" అనేవారు.

దాటడానికి మన సంప్రదాయం పెట్టిన షరతు అదొక్కటే. దాటిన మెట్టు ఎక్కడుందో తెలిసుండాలి.

ఆ తర్వాత అలంకారాలు. ధ్రువ తాళం పద్నాలుగు అక్షరాలు, మఠ్యం పది, రూపకం ఆరు, ఝంపె పది, త్రిపుట ఏడు, అట పద్నాలుగు, ఏక నాలుగు. అవే స్వరాలు ఏడు రకాల నడకల్లో నడుస్తాయి. అప్పుడు గానీ పిల్లకు మొదటి పాట చేతికి రాదు. ఆ పాట మలహరి రాగంలో పిళ్లారి గీతం.

మలహరి సంగతి కొంచెం నిదానంగా చూడాలి. అది మాయామాళవగౌళలోంచి పుట్టిన రాగమే. కానీ ఎక్కేటప్పుడు స రి మ ప ద స. ‘గ’ లేదు, ‘ని’ లేదు. దిగేటప్పుడు ‘గ’ వస్తుంది, ‘ని’ మాత్రం అసలే రాదు. అంటే నెలల తరబడి ఏడు మెట్లూ ఒక్కటి వదలకుండా ఎక్కించి, దిగించి, చివరికి బహుమతిగా ఇచ్చిన మొదటి పాట మెట్లు దాటే రాగంలో ఉంది. ‘గ’ ఎక్కడుందో తెలిసిన గొంతు దాన్ని వదిలేస్తే వినేవాడికి మలహరి వినబడుతుంది. తెలియని గొంతు వదిలేస్తే తప్పు వినబడుతుంది. మోహనలో ‘మ’, ‘ని’ లేకపోవడం, హంసధ్వనిలో ‘మ’, ‘ద’ లేకపోవడం ఇలాంటివే. ఆ రాగాల అందంలో సగం, వాటిలో లేని స్వరాలదే.

గీతాల తర్వాత స్వరజతి, ఆ పైన వర్ణం, అప్పుడు కృతి. ఇక్కడ మన నిచ్చెనకూ సీమనిచ్చెనకూ ఒక పెద్ద తేడా కనిపిస్తుంది. మూడో గ్రేడు పాసైన పియానో పిల్ల మళ్లీ మూడో గ్రేడు పుస్తకం ముట్టదు. మన దగ్గర పెద్ద విద్వాంసుడు కచేరీకి కూర్చున్నా చాలాసార్లు వర్ణంతోనే మొదలుపెడతాడు. విద్యార్థి పాఠంగా నేర్చిన వర్ణమే అది. ఇంట్లో సాధనకు కూర్చుంటే ‘ఆ’కారంలో వరుసలు మూడు కాలాలూ తిప్పుతాడు. మెట్టు ఎక్కి వదిలేసేది కాదు, రోజూ మళ్లీ కాలు మోపేది. వీణ మీద స్వరస్థానాలను మెట్లనే అంటాం. 24 మెట్లలో ఏ మెట్టునూ ‘దాటేశాను, ఇక అక్కర్లేదు’ అని వైణికుడు అనడు.

ఇద్దరు దాటినవాళ్లు

అలాగని మనవాళ్లెవరూ దాటలేదా అంటే, దాటారు. దాటినవాళ్ల కథలే మనం ఎక్కువగా చెప్పుకుంటాం కూడా.

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాలు. వయొలిన్ నేర్చుకుందామని విద్యార్థిగా వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు వాయిద్యం విని, ఆయన్ని పాఠం చెప్పే పనిలోనే పెట్టారని చెప్పుకుంటారు. అప్పటికి ద్వారం వారికి 26 ఏళ్లు. 1936లో ఆయనే ఆ కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. ఒక్క పరీక్షా రాయకుండా విద్యార్థి బెంచీ నుంచి ఆచార్యుడి కుర్చీకి దూకిన దూకుడు అది. కానీ చూపు మందగించిన ఆ మనిషి అంతకుముందు ఇంట్లో ఎన్నేళ్లు కమాను లాగి ఉంటే ఆ కుర్చీ దక్కిందో కథ చెప్పేవాళ్లు చెప్పరు. ఆయన దాటింది పరీక్షను. పాఠాన్ని కాదు.

రెండో మనిషి మంగళంపల్లి బాలమురళీకృష్ణ. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడు. ఎనిమిదేళ్లకే విజయవాడలో త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసిన బాలుడు. వయసు మెట్లన్నీ ఎగిరి దాటినవాడంటే ఆయనే. ఆ తర్వాత ఆయన చేసిందేమిటి? 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రాశాడు. పేరున్న పది రాగాలు ఎంచుకుని ఆగలేదు. ఎవరూ పాడని మేళకర్తల్నీ వదల్లేదు. తెలుగు దేశంలో అందరికన్నా వేగంగా దాటిన కుర్రవాడు 72లో ఒక్కటి కూడా దాటలేదు.

ఏ మెట్టు దేనికి

ఇక పియానో దగ్గరికి. మూడు, నాలుగు గ్రేడుల్లో ఏముందని దాటితే నష్టం?

రెండో గ్రేడు దాకా పాటల్లో చేతులు అంతగా జాగా మారవు. మూడు, నాలుగుల్లో బొటనవేలు మిగతా వేళ్ల కిందినుంచి దూరి చెయ్యి జాగా మార్చడం బలపడుతుంది. కుడిచెయ్యి పాడుతుంటే ఎడమచెయ్యి తన దారిన తను నడవడం వస్తుంది. పెడల్ తొక్కడం, చెవితో విని వదలడం అలవాటవుతుంది. ఐదో గ్రేడు పాట ఇవన్నీ వచ్చనే నమ్మకంతో రాసి ఉంటుంది. ఎవరూ మళ్లీ ఆగి నేర్పరు.

ఒళ్లు సంగతీ ఉంది. పియానో మీద ఒక ‘స’ నుంచి పై ‘స’కు సుమారు 16.5 సెంటీమీటర్లు. 11 ఏళ్ల పిల్ల చెయ్యి అంత చాచుకుంటే మణికట్టు బిగుసుకుంటుంది. ఆ బిగువు ఒకసారి అలవాటైతే విడిపించడానికి చాలాకాలం పడుతుంది. కొలత పుస్తకంలో లేదు, పిల్ల చేతిలో ఉంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం వేరే. స్థాయికి మించిన గ్రేడుకు కట్టిన పిల్ల ఏడాదంతా ఆ మూడు పాటలే వాయిస్తుంది. చూసి చదవలేదు కాబట్టి వేళ్ల జ్ఞాపకంతో వాయిస్తుంది. పరీక్షలో గట్టెక్కుతుంది కూడా. ఆ మర్నాడు ఇంటికొచ్చిన చుట్టం "ఇంకోటి వాయించమ్మా" అంటే వాయించడానికి ఏమీ ఉండదు. టైపు ఇన్‌స్టిట్యూట్ రోజులు గుర్తున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. లోయర్ రాయకుండా హయ్యర్ పాసైనవాళ్లు లేకపోలేదు. కానీ మీటల వంక చూడకుండా వేళ్లు నడపడం రాకుండా హయ్యర్ పాసైనవాళ్లు మాత్రం లేరు.

చెవి, రాత. ఈ రెంటినీ దాటేయాలనే తొందర అందరికీ ఉంటుంది. వాటి విలువ తెలియాలంటే మన పక్క ఊరు మదనపల్లె పోవాలి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేశారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతంలో డిగ్రీ తీసుకున్న పియానో కళాకారిణి. ఠాగూర్ పాడిన ‘జనగణమన’ విని ఆమె దాన్ని పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించారు. తనది కాని భాషలో, తనది కాని సంగీతంలో ఒక పాట వింటూ కాగితం మీద పెట్టగలిగారంటే, అది పాటలు బట్టీపట్టిన వేళ్లు చేసే పని కాదు. పరీక్షలో చెవికి 18 మార్కులే. మదనపల్లెలో ఆ రోజు పనికొచ్చింది అదే.

పదును చూసి

మెట్ట సేద్యం చేసేవాళ్లకు ఒక సంగతి చెప్పనక్కర్లేదు. క్యాలెండర్ చూసి ఎవరూ శెనగవిత్తు వెయ్యరు. పిడికెడు మట్టి తీసి నొక్కి, పదును ఉందో లేదో చూసి వేస్తారు. గ్రేడు దాటాలా వద్దా అన్నదీ అంతే. చేతిలోకి తీసుకుని చూడాలి. నేను ఆ తండ్రికి చెప్పిన పరీక్షలు ఇవి.

ఒకటి, పిల్ల ఎప్పుడూ చూడని మూడో గ్రేడు పాట ముందు పెట్టండి. టీచరు సాయం లేకుండా పావుగంటలో తాళం తప్పకుండా నెమ్మదిగానైనా చివరిదాకా వాయిస్తే, ఆ పిల్ల మూడు నిజంగా దాటింది. పరీక్ష రాయనక్కర్లేదు.

రెండు, వచ్చిన పాటను మూడు కాలాల్లో వాయించమనండి. వేగంగా వచ్చి నిదానంగా రాకపోతే అది వేళ్ల అలవాటే. నిదానంలో నిలబడేదే చదువు.

మూడు, పాట మధ్యలో ఆపి అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టమనండి. మొదటికి పోతేగానీ రాదంటే, దారి తెలియదు, గుర్తు మాత్రమే ఉంది.

నాలుగు, చెయ్యి చాచితే మణికట్టు బిగుసుకుంటోందేమో చూడండి. ఐదు, తొందర ఎవరిదో చూడండి. పిల్లదైతే మంచిది. మనదైతే ఆగడం మేలు.

ఈ ఐదూ కుదిరితే నిక్షేపంగా దాటండి. 1, 3, 5, 8 అని మధ్యవి విడిచి రాయించే గురువులు చాలామందే ఉన్నారు. వాళ్లు మధ్య పుస్తకాలు నేర్పుతారు, మధ్య పరీక్షలు రాయించరు. ఫీజు మిగులుతుంది, పాఠం మాత్రం పోదు. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. అన్ని పరీక్షలూ వరుసగా రాసినంత మాత్రాన పునాది పడిందనీ కాదు. ఎనిమిది సర్టిఫికెట్లు గోడకు తగిలించి, ఒక సినిమా పాట విని వాయించలేని పిల్లలూ ఉన్నారు.

మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్‌కు నాలుగేళ్లు, డిప్లొమాకు రెండేళ్లు. ఆ ఆరేళ్లు ఎక్కువని గొణిగే తల్లిదండ్రుల్నీ చూశాను. సరళి నుంచి కృతుల దాకా పోయే దారికి ఆరేళ్లు ఎక్కువ కాదు. పరీక్ష ఆ దారిలో మైలురాయి. మైలురాయి చూడకుండా పోయినా ఊరొస్తుంది. మైలు నడవకుండా పోతే రాదు.

ఆ శుక్రవారం ఫోన్లో ఇంత పొడుగు చెప్పలేదు. "ఈ ఏడు ఫీజు కట్టొద్దు తమ్ముడూ. మూడు, నాలుగు పుస్తకాలు రెండూ తెప్పించు. పరీక్షలు ఎగ్గొడదాం, పాటలు ఎగ్గొట్టొద్దు. థియరీ ఇప్పటినుంచే మొదలుపెట్టించు, ఐదు తర్వాత గేటు అక్కడే ఉంది" అన్నాను. అతను సరేనన్నాడు. జేజికి మాత్రం సగమే నచ్చింది. పరీక్ష లేకుండా పిల్ల కూర్చుంటుందా అని ఆమె అనుమానం. ఆ అనుమానం న్యాయమైనదే. పరీక్ష తేదీ లేని ఏడాదిలో రోజూ కూర్చోబెట్టే బాధ్యత ఇంట్లోవాళ్లదే అవుతుంది.

మూడో గ్రేడు పుస్తకంలో తొమ్మిది పాటలుంటాయి. పరీక్షకు మూడు చాలు. పాప ఇప్పుడు ఏడోది వాయిస్తోంది.